జనపనార మిల్లుకు ఫైర్ పంపు: ఏడు నెలల ప్రాజెక్టు డైరీ

జూన్ 3

మే నెలాఖరులో మా మిల్లులో నారను దువ్వే కార్డింగ్ విభాగంలో మంట లేచింది. గ్రీజు అందక వేడెక్కిన ఒక రోలరు బేరింగు తన చుట్టూ పేరుకున్న నార నుసిని అంటించింది. ఆ మంట రెప్పపాటులో పైకి ఎగబాకి దూలాల మీద పట్టిన పీచుకు అంటుకుంది. షిఫ్టులో ఉన్నవారు చేతి ఎక్స్‌టింగ్విషర్లతోనూ ఇసుక బకెట్లతోనూ దాన్ని ఆపగలిగారు కాబట్టి ఎవరికీ దెబ్బ తగలలేదు. అయితే హైడ్రెంట్ (మంటలార్పే హోసు తగిలించే నీటి కుళాయి) తిప్పి హోసు పట్టుకుని నిలబడిన కార్మికుడికి నీళ్లు అందడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ నేను పంపుహౌసులో ఉన్నాను. మోటారు తిరుగుతూనే ఉంది, గేజి ముల్లు మాత్రం సున్నా దగ్గరే వణుకుతోంది, మా పంపు ఆపరేటరు పంపు లోపల నీరు నింపే ప్రైమింగ్ గరాటులో బకెట్టుతో నీళ్లు పోస్తూనే ఉన్నారు. "దీని నోట్లో నీళ్లు పొయ్యందే ఇది కదల్దు బాబూ, ఫుట్ వాల్వు పట్టడం మానేసి చాన్నాళ్లయింది" అన్నారు ఆయన. పంపు ఆగినా గొట్టంలోని నీరు వెనక్కి జారకుండా అడుగున పట్టి ఉంచేదే ఫుట్ వాల్వు.

కొత్త ఫైర్ పంపును ఎంపిక చేసి, బిగించి, నడిపి చూపించే పనిని యాజమాన్యం నాకు అప్పగించింది. మా మిల్లు గజపతినగరం దాటాక బొబ్బిలి దారిలో ఉంది. విజయనగరం జిల్లాలో ఇలాంటి గోనె మిల్లులు ఇంకా ఉన్నాయి కాబట్టి, ఇదే పనికి పూనుకునేవారికి అక్కరకు వస్తుందని ఎప్పటికప్పుడు రాసుకున్న విషయాలను ఇక్కడ వరసగా పెడుతున్నాను.

జూన్ 6

ఈ మూడు రోజుల్లో నన్ను పలకరించిన ప్రతివారూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎన్ని హెచ్‌పీ పంపు తీసుకుంటున్నారు?" హెచ్‌పీ అనేది అన్ని లెక్కలూ అయ్యాక చివర తేలే అంకె. ముందుగా తేలాల్సినవి నాలుగున్నాయి: ఎలాంటి మంటను ఆర్పాలి, దానికి నిమిషానికి ఎన్ని లీటర్ల నీరు కావాలి, ఆ నీరు దూరపు మూలకు ఎంత ఒత్తిడితో చేరాలి, అసలు ఆ నీరు పంపు నోటికి ఎలా అందుతుంది. మా పాత పంపు ఓడిపోయింది ఈ నాలుగో ప్రశ్న దగ్గరే.

జనపనార మంటకు ఒక స్వభావం ఉంది. విడి పీచు గుప్పుమని అంటుకుని క్షణాల్లో పాకుతుంది. బిగించి కట్టిన బేలు మాత్రం లోలోపల రాజుకుంటూ ఉండిపోతుంది. పైన తడిసి చల్లారినట్టు కనిపించిన బేలును గంటల తరవాత విప్పితే నడుమ ఎర్రటి నిప్పు కనిపించడం మా పాత కార్మికులకు తెలిసిన సంగతే. అందువల్ల మొదటి నిమిషంలోనే నీరు రావాలి, ఆ తరవాత చాలాసేపు ఆగకుండా వస్తూనే ఉండాలి. ఇంకో సంగతి కూడా గోడౌను మేస్త్రికి గుర్తు చేశాను: తడిసిన నార ఉబ్బుతుంది, గోడకు ఆనించి పేర్చిన దొంతర ఆ ఉబ్బుకు గోడను బయటికి నెట్టగలదు, కాబట్టి గోడకూ దొంతరకూ మధ్య మనిషి నడిచేంత ఎడం ఉంచాల్సిందే.

జూన్ 14

ప్రవాహం లెక్క తేలింది. మిల్లు ఆవరణలో మొత్తం 34 హైడ్రెంట్లు ఉన్నాయి. బీమా రంగంలోని టారిఫ్ అడ్వైజరీ కమిటీ ఒకప్పుడు రూపొందించిన అగ్నిరక్షణ నియమాలే నేటికీ మన పరిశ్రమల్లో పంపు పరిమాణానికి వాడుకలో ఉన్న కొలబద్ద. మన బజారులో హైడ్రెంట్ పంపులు గంటకు 137, 171, 273, 410 ఘనమీటర్లు అనే విచిత్రమైన అంకెల్లో దొరకడానికి ఆ నియమాల్లోని పట్టికలే కారణం. ఆర్డినరీ హజార్డ్ (మధ్యరకం అగ్నిప్రమాదం) తరగతిలో 20 దాటి 55 లోపు హైడ్రెంట్లున్న చోట గంటకు 171 ఘనమీటర్ల పంపు కావాలి. తనిఖీకి వచ్చిన బీమా సర్వేయరు కూడా మా మిల్లును ఆ తరగతిలోనే లెక్కించారు.

గంటకు 171 ఘనమీటర్లంటే నిమిషానికి 2,850 లీటర్లు. 20 మిల్లీమీటర్ల నాజిల్ నుంచి మంచి ఒత్తిడితో నిమిషానికి 450 లీటర్ల పైచిలుకు నీరు పోతుంది కాబట్టి, ఒకేసారి ఆరు హోసులు నడుస్తాయన్నమాట. మా ముడి నార గోడౌను నాలుగు వైపులా మనుషులు నిలబడి ఏకకాలంలో నీళ్లు కొట్టాలంటే ఆరు హోసులు కావాలని మేము ఆవరణలో తిరిగి చూసుకున్నాం. పట్టిక చెప్పిన అంకె, నేల మీద నిలబడి వేసుకున్న అంచనా ఒకటే కావడం నాకు ధైర్యాన్నిచ్చింది.

జూన్ 24

ఈ వారమంతా నీటి దగ్గరే గడిచింది. పంపు ఎంపికలో అసలైన నిర్ణయం ఇక్కడే జరుగుతుందని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇప్పుడున్న పంపు నేల కింది సంపు నుంచి నీటిని పైకి పీల్చుకుంటుంది. వర్షాకాలంలో సంపులోని నీటిమట్టం పంపు మధ్యరేఖకు మూడు మీటర్ల దిగువన ఉంటుంది, మే నెలలో 5.2 మీటర్లకు పడిపోతుంది. పంపు నీటిని లాగుతుందని మనం వాడుకగా అంటాం గానీ, నిజానికి నీటిని పైకి నెట్టేది నీటి మీద బరువు వేసే గాలి. సముద్రమట్టం దగ్గర ఆ గాలి ఒత్తిడి సుమారు 10.3 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. మా ప్రాంతం ఎత్తు లెక్కలోకి తీసుకుంటే అది 10.2. అందులో వేసవి మట్టం కింద 5.2 పోయింది, ఫుట్ వాల్వు, వంపు, గొట్టం రాపిడి కింద 0.9 పోయింది, 35 డిగ్రీల నీటి ఆవిరి ఒత్తిడి కింద 0.6 పోయింది. మిగిలింది 3.5 మీటర్లు. నీటిని పంపులోకి నెట్టడానికి మిగిలిన ఈ ఒత్తిడినే సాంకేతికంగా అందుబాటులో ఉన్న ఎన్‌పీఎస్‌హెచ్ అంటారు. నా చేతికి వచ్చిన ఒక పంపు గ్రాఫు ప్రకారం, 171కి ఒకటిన్నర రెట్ల ప్రవాహం దగ్గర ఆ పంపుకు కావాల్సింది 4.8 మీటర్లు. అంటే అవసరం ఎక్కువున్న క్షణంలోనే లోపలి నీరు బుడగలుగా మరిగి, పంపులో తిరిగే చక్రమైన ఇంపెల్లరు మీద గులకరాళ్లు పడ్డట్టు చప్పుడు చేస్తూ, ప్రవాహం పడిపోతుంది. ఈ సంపు మీద ఎంత పెద్ద మోటారు పెట్టినా ఫలితం ఇదే.

కాబట్టి రెండే దారులు మిగిలాయి. ఒకటి, ఇంపెల్లర్లు నీటిలోనే మునిగి ఉండే వర్టికల్ టర్బైన్ పంపును సంపులోకి దించడం. రెండు, పంపు కంటే ఎత్తున నీటి ట్యాంకు కట్టి, నీరు తనంతట తాను పంపు నోటికి చేరేలా చేయడం. వర్టికల్ టర్బైన్ మంచి యంత్రమే, చెరువులూ లోతు బావులూ ఆధారమైన చోట అదే సరైన ఎంపిక. అయితే దాన్ని డీజిల్ ఇంజనుతో తిప్పాలంటే శక్తిని అడ్డం నుంచి నిలువుకు మళ్లించే గేరుపెట్టె కావాలి; మరమ్మతు వస్తే పొడవాటి షాఫ్టును క్రేనుతో బయటికి తీయాలి. మా దగ్గర అలాంటి నైపుణ్యం ఉన్న ఫిట్టర్లు లేరు. పైగా మా సంపు అడుగున చేయి పెడితే మోచేతి దాకా నార పీచు బురద వచ్చింది. నేల మీద ట్యాంకు కట్టాలని సిఫారసు రాసి ఇచ్చాను.

జూలై 2

మేనేజరుగారు సంతకం పెట్టేముందు ఒక మాట అడిగారు: "పంపు కొంటామంటే ట్యాంకు కట్టాలంటున్నారేంటండీ?" ఆయనకు మే నెల సంపు మట్టం, పదకొండు నిమిషాల లెక్క పక్కపక్కన పెట్టి చూపించాను. ఒప్పుకున్నారు.

ట్యాంకు పరిమాణం: మా తరగతికి రెండు గంటల పంపింగుకు సరిపడా నీరు, అంటే 342 ఘనమీటర్లు. మేము 360కి కడుతున్నాం. ఒక్కొక్కటి పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీటి లోతుతో రెండు గదులు, మధ్యలో వాల్వుతో కలిపిన గొట్టం. 2,25,000 లీటర్లు దాటిన ట్యాంకును ఇలా రెండు గదులుగా కట్టాలన్న నియమం చాలా తెలివైనది. ఒక గది కడుగుతున్నప్పుడు రెండోది నిండుగా ఉంటుంది. పంపు మధ్యరేఖ నేలకు 0.6 మీటర్ల ఎత్తున వస్తుంది కాబట్టి ట్యాంకు అడుగును కూడా అంతే ఎత్తున అరుగు మీద లేపుతున్నాం. మధ్యరేఖకు దిగువన నిలిచిన నీటిని లెక్కలోకి తీసుకోకూడదు, అలాంటి నీటిని చూసి మురిసిపోవడం ప్రమాదకరం.

పంపుహౌసును నేల కిందికి దించితే ట్యాంకు ఎత్తు తగ్గుతుందని కాంట్రాక్టరు సూచించారు. చంపావతి నది పొంగినప్పుడు మా లోతట్టు గదుల్లో మోకాలి లోతు నీరు నిలిచిన రోజులు నాకు గుర్తున్నాయి. ఫైర్ పంపు మోటారు వాననీటిలో మునిగే అవకాశం ఉన్న ఏ నమూనాకూ నేను ఒప్పుకోలేదు.

జూలై 11

ఒత్తిడి లెక్క. అన్ని లెక్కల్లోకీ నాకు ఎక్కువ నిద్ర చెడగొట్టినది ఇదే.

మా హైడ్రెంట్ లైను 150 మిల్లీమీటర్ల ఇనుప గొట్టం. ఆవరణ చుట్టూ 720 మీటర్ల వలయంగా పాతి ఉంది. పంపుహౌసు నుంచి ముడి నార గోడౌనుకు ఒక వైపు నుంచి 210 మీటర్లు, మరో వైపు నుంచి 510 మీటర్లు. గొట్టంలో రాపిడి నష్టాన్ని లెక్కగట్టే హేజన్-విలియమ్స్ సూత్రంలో గొట్టపు నునుపు గుణకాన్ని 120గా తీసుకుంటే, నిమిషానికి 2,850 లీటర్లు ఒకే గొట్టంలో పోయినప్పుడు ప్రతి వంద మీటర్లకూ సుమారు 5.5 మీటర్ల ఒత్తిడి రాపిడికే పోతుంది. వలయం రెండు వైపులా తెరిచి ఉంటే నీరు పంచుకుని ప్రవహిస్తుంది, గోడౌను దగ్గరికి చేరేసరికి మొత్తం నష్టం ఐదు మీటర్లే. అదే పొట్టి వైపు మరమ్మతు కోసం మూసి ఉండి, నీరంతా 510 మీటర్ల పొడవు దారిన పోవాల్సి వస్తే నష్టం 28 మీటర్లు.

నేను లెక్క వేయాల్సింది ఆ చెడ్డ రోజుకే. దూరపు హైడ్రెంట్ దగ్గర 3.5 కిలోల ఒత్తిడి మిగలాలి. కిలో అంటే చదరపు సెంటీమీటరుకు కిలో, సుమారు పది మీటర్ల నీటి ఎత్తు. 171 ఘనమీటర్ల పంపు 7 కిలోలకూ దొరుకుతుంది, 8.8 కిలోలకూ దొరుకుతుంది. 7 కిలోలది తీసుకుంటే: 70 మీటర్లలోంచి రాపిడి 28, వాల్వులూ వంపులూ కలిపి 5, నేల ఎత్తు తేడా 4 తీసేస్తే మిగిలేది 33. కావాల్సిన 35కు రెండు మీటర్లు తక్కువ. 8.8 కిలోలదైతే 51 మిగులుతుంది.

రెండు మీటర్ల కోసం పెద్ద పంపు ఎందుకని అడగవచ్చు. మా గొట్టం వయసు దానికి జవాబు. ఏళ్ల తరబడి నేలలో ఉన్న ఇనుప గొట్టం లోపల తుప్పు కట్టుకుంటుంది, గుణకం 120 నుంచి 100కు పడిపోవడం సాధారణం. అప్పుడు అదే 510 మీటర్ల నష్టం 39 మీటర్లవుతుంది. 7 కిలోల పంపుతో దూరపు మూలకు చేరేది 2.2 కిలోలు, 8.8 కిలోల పంపుతో 4 కిలోలు. ఇక సందేహం లేదు.

జూలై 19

పాత గొట్టం ఈ ఒత్తిడిని తట్టుకుంటుందా అన్నది వెంటనే తేల్చుకోవాల్సి వచ్చింది. వాల్వులన్నీ మూసి ఉన్నప్పుడు పంపు చూపించే ఒత్తిడి, దాని ప్రమాణ ఒత్తిడికి 120 శాతం మించరాదు. అంటే మా పంపుకు గరిష్ఠంగా 10.5 కిలోల చిల్లర. దానికి ఒకటిన్నర రెట్లు, 16 కిలోలకు చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి రెండు గంటలు ఉంచాం. క్యాంటీన్ వెనక ఒక చోట, బాయిలరు గది మలుపులో మరో చోట నేల చెమ్మగిల్లింది. తవ్వి చూస్తే రెండూ పాత వెల్డింగు అతుకులే. ఆ ముక్కలు మార్చి, కోటింగ్ వేసి, మళ్లీ పరీక్షించాం. నిలిచింది.

ఆగస్టు 1

ముగ్గురు సరఫరాదారుల కొటేషన్లు వచ్చాయి. పంపు రకం విషయంలో నేను ముందే ఒక అభిప్రాయానికి వచ్చాను: హారిజాంటల్ స్ప్లిట్ కేసింగ్, అంటే షాఫ్టు అడ్డంగా ఉండి, పై తొడుగు మూతలా విడిపోయే రకం. ఒక చివర నుంచే నీరు తీసుకునే ఎండ్ సక్షన్ పంపు చవక, చోటు తక్కువ తీసుకుంటుంది, చిన్న పరిశ్రమకు అదే చాలు. కానీ స్ప్లిట్ కేసింగ్‌లో ఇంపెల్లరు రెండు వైపుల నుంచీ నీరు తీసుకుంటుంది కాబట్టి షాఫ్టును ఒక పక్కకు నెట్టే బలం దాదాపు ఉండదు, బేరింగులు ఎక్కువ కాలం నిలుస్తాయి. అంతకు మించి నాకు నచ్చింది ఏమిటంటే, గొట్టాలను కదపకుండా పై మూత ఒక్కటి ఎత్తితే లోపలిదంతా కళ్లముందు ఉంటుంది. మా ఫిట్టర్లు ఆదివారం పూట తెరిచి, చూసి, మూసేయగలరు.

కొటేషన్లలో అందరూ "171 ఘనమీటర్లు, 88 మీటర్లు" అనే రాశారు. ఒక్క బిందువు దగ్గర మూడు పంపులూ ఒకటే. తేడా అంతా ఆ బిందువుకు అటూ ఇటూ గ్రాఫు ఎలా వంగుతుందన్న దాంట్లో ఉంది. ఫైర్ పంపు ఒకటిన్నర రెట్ల ప్రవాహం దగ్గర కూడా ప్రమాణ ఒత్తిడిలో కనీసం 65 శాతం ఇవ్వాలి. మా లెక్కలో అది గంటకు 256.5 ఘనమీటర్ల దగ్గర 57.2 మీటర్లు. మంట అనుకున్నదానికంటే పెద్దదై, ఆరు హోసుల చోట తొమ్మిది తెరిచిన రోజున పంపు కుప్పకూలకూడదన్నది దీని వెనక ఉన్న ఆలోచన.

మొదటివారిది అందరిలోకీ చవక, అందరిలోకీ సామర్థ్యం ఎక్కువ. గ్రాఫు చూస్తే అది ఫ్యాక్టరీల ప్రాసెస్ నీటికి చేసిన పంపు. 171 దాటగానే నిట్టనిలువుగా పడి, 256 దగ్గర 46 మీటర్లకు దిగిపోయింది. రెండోవారి పంపు అటు బాగానే ఉంది గానీ, ప్రవాహం సున్నా దగ్గర 119 మీటర్లు చూపిస్తోంది. అంటే 135 శాతం. అమెరికా ప్రమాణమైన ఎన్‌ఎఫ్‌పీఏ 20 అయితే 140 శాతం దాకా ఒప్పుకుంటుంది, మన పద్ధతిలో హారిజాంటల్ పంపుకు 120 దాటకూడదు. అతుకులు మార్చిన మా పాత గొట్టం మీద ఆ 119 మీటర్లు వేయడానికి నా మనసు ఒప్పలేదు. మూడోవారిది సున్నా దగ్గర 103, 171 దగ్గర 90, 256 దగ్గర 62. చదునుగా, నెమ్మదిగా వాలే గ్రాఫు. ధర మొదటివారి కంటే మూడో వంతు ఎక్కువ. దాన్నే సిఫారసు చేశాను, మూడు గ్రాఫులనూ ఒకే కాగితం మీద గీసి జతచేశాను. కొనుగోలు విభాగానికి వంద మాటల కంటే ఆ కాగితమే ఎక్కువ పనిచేసింది.

ఆగస్టు 9

ఇప్పుడు హెచ్‌పీ. 171 ఘనమీటర్లను 88 మీటర్లు ఎత్తడానికి నీటికి అందాల్సిన శక్తి 41 కిలోవాట్లు. పంపు సామర్థ్యం 70 శాతం కాబట్టి షాఫ్టుకు 59 కావాలి. 150 శాతం ప్రవాహం దగ్గర అది 62కు చేరుతుంది. మోటారును ఈ పెద్ద అంకెకే ఎంచాలి. 75 కిలోవాట్లు, అంటే 100 హెచ్‌పీ.

మోటారు పరిమాణం కంటే దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది ముఖ్యం. మంట కనబడగానే మా ఎలక్ట్రీషియను చేసే మొదటి పని మిల్లు మెయిన్ బ్రేకరు దించడం, అది సరైన పనే. పాత పంపు ఆ బ్రేకరు తరవాతే ఉంది. మెయిన్ దించితే పంపూ ఆగేది. కొత్త పంపుకు ట్రాన్స్‌ఫార్మరు తరవాత, మెయిన్ బ్రేకరుకు ముందే ప్రత్యేక ఫీడరు (కరెంటు లైను) తీసుకున్నాం. కేబులు నేలలో, మిల్లు షెడ్ల కింది నుంచి కాకుండా ప్రహరీ వెంట వెళ్తుంది. భారం ఎక్కువైతే మోటారును ఆపేసే ఓవర్‌లోడు ట్రిప్ స్టార్టరులో పెట్టలేదు. మామూలు మోటారును కాపాడుకోవాలి. ఫైర్ పంపు మోటారు మాత్రం తాను కాలిపోయినా సరే మిల్లును కాపాడాలి.

ఆగస్టు 21

కరెంటు లేనప్పుడు నడవాల్సిన డీజిల్ పంపు గురించి మీటింగులో వాదన జరిగింది. అది ఎలాగూ స్టాండ్‌బై కదా, ఒక సైజు తగ్గించవచ్చు కదా అన్నది ప్రశ్న.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన తరవాత విజయనగరం జిల్లాలో స్తంభాలు ఎలా పడిపోయాయో ఆ గదిలో ఉన్నవారందరూ చూసినవారే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం ఉద్దానంలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మన తీరంలో కరెంటు లేకపోవడం అరుదైన సంఘటన కాదు, అది ఒక ఋతువు. సరిగ్గా ఆ రోజుల్లోనే తాత్కాలిక జనరేటర్లు, వేలాడే వైర్లు, తడిసిన ప్యానెళ్లు ఉంటాయి. షార్టు సర్క్యూట్ మంటకు అంతకంటే అనువైన సమయం ఉండదు. కాబట్టి మా చోట డీజిల్ పంపే అసలు పంపు అనుకుని ఎంచాలని గట్టిగా వాదించాను. అదే పంపు, అదే గ్రాఫు, 100 హెచ్‌పీ ఇంజను, బెల్టు లేకుండా నేరుగా కప్లింగ్. స్టార్టు సంకేతం అందిన 15 సెకన్లలో పూర్తి వేగానికి రావాలి. రెండు సెట్ల బ్యాటరీలు, రెండింటికీ వేర్వేరు చార్జర్లు. నియమం ప్రకారం ఆరు గంటల ఇంధనం చాలు, ఈ ఇంజను గంటకు 17 లీటర్లు తాగుతుంది కాబట్టి 102 లీటర్లు. మేము 200 లీటర్ల ట్యాంకు పెట్టాం. తుఫాను తరవాత బంకు దాకా దారి ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు?

వీటితో పాటు నిమిషానికి 180 లీటర్ల జాకీ పంపు ఒకటి. లైనులోని చిన్నచిన్న కారుడును అది భర్తీ చేస్తూ ఉంటుంది, పెద్ద పంపులు ఊరికే లేచి పడుకోకుండా కాపాడుతుంది.

అక్టోబరు చివర

ట్యాంకు పని వర్షాలతోనూ, సిరిమానోత్సవం వారం తాపీ పనివారు విజయనగరం వెళ్లిపోవడంతోనూ పదహారు రోజులు ఆలస్యమైంది. నింపి వారం రోజులు మట్టం గమనించాం. కారలేదు.

నవంబరు 12

పంపులు పునాది మీద కూర్చున్నాయి. ఈ రోజు ఒక తప్పు బిగింపు దశలోనే దొరికింది.

ట్యాంకు ఎత్తున ఉన్నప్పుడు, పంపుకు నీరు తెచ్చే సక్షన్ గొట్టం వ్యాసాన్ని నీరు సెకనుకు రెండు మీటర్ల వేగం దాటకుండా ఎంచాలి; మాకు 175 మిల్లీమీటర్లు చాలు గానీ 200 వేశాం. పంపు సక్షన్ ముఖం 150. ఆ రెండింటినీ కలిపేది ఒక పక్క చదునుగా, ఒక పక్క వాలుగా ఉండే ఎక్సెంట్రిక్ రెడ్యూసర్. ఫిట్టరు దాన్ని చదును వైపు కిందికి పెట్టి బోల్టులు బిగించారు. చూడటానికి అలాగే పొందికగా ఉంటుంది, గొట్టం అడుగు ఒకే గీతలో వస్తుంది. అయితే అలా పెడితే వాలు పైకి వచ్చి, ఆ గూట్లో గాలి చిక్కుకుంటుంది. పంపు తిరిగినప్పుడు ఆ గాలి ముద్దగా ఇంపెల్లరులోకి వెళ్తుంది. విప్పించి, చదును పైకి వచ్చేలా తిప్పి బిగింపించాను. ఎందుకో చెప్పడానికి మంచినీళ్ల సీసాను సగం నింపి పడుకోబెట్టి చూపించాను. ఫిట్టరు ఆ సీసాను కాసేపు తిప్పి చూసుకుని, పక్కన డీజిల్ పంపు దగ్గరికి వెళ్లి అక్కడిది కూడా తానే విప్పేశారు.

ట్యాంకు లోపల సక్షన్ నోటి మీద సుడి పడకుండా ఇనుప పలక అమర్చాం. సంపు నుంచి ట్యాంకుకు నీరు తోడే చిన్న పంపుకు రెండు దశల జల్లెడ పెట్టాం. మొదటి రోజే జల్లెడలో గుప్పెడు నార వచ్చింది.

నవంబరు 27

పంపుహౌసు పరీక్ష. నీరు ఫ్లో మీటరు ద్వారా తిరిగి ట్యాంకులోకే పోయేలా టెస్టు లైను ఉంది. ఎలక్ట్రిక్ పంపు: ప్రవాహం లేనప్పుడు 10.3 కిలోలు, 171 దగ్గర 9 కిలోలు, 256 దగ్గర 6.2 కిలోలు. డీజిల్ పంపు కూడా దాదాపు ఇంతే. సంకేతం నుంచి పూర్తి వేగానికి తొమ్మిది సెకన్లు.

ప్రెషర్ స్విచ్‌లు: 8 కిలోలకు పడితే జాకీ మొదలవుతుంది, 9 దగ్గర ఆగుతుంది, 7కు పడితే ఎలక్ట్రిక్, 6కు పడితే డీజిల్. పెద్ద పంపులు రెండూ తమంతట ఆగవు. మనిషి వెళ్లి ఆపాలి. ఆటోమేటిక్‌గా ఆగేలా చేయమని అడిగినవారున్నారు. హోసు మూసి మరో చోటికి పరిగెత్తే అర నిమిషంలో పంపు ఆగిపోతే ఏమవుతుందో వివరించాక ఆ కోరిక విరమించుకున్నారు. మూసిన వాల్వు మీద పంపు తిరుగుతూ ఉంటే లోపలి నీరు వేడెక్కుతుంది కాబట్టి కేసింగ్ మీద ఆ నీటిని కొద్దికొద్దిగా బయటికి వదిలే చిన్న రిలీఫ్ వాల్వు ఉంది. అది పనిచేస్తున్నప్పుడు వేలు పెట్టి చూస్తే నీరు గోరువెచ్చగా తగిలింది.

డిసెంబరు 4

ఆఖరి పరీక్ష, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మెయిన్ బ్రేకరు దించాం. ఫైర్ పంపు ఫీడరు కూడా ఆపేసి, తుఫాను రోజు ఎలా ఉంటుందో అలా చేశాం. వలయంలో పొట్టి వైపు వాల్వు మూశాం. ముడి నార గోడౌను చుట్టూ ఆరుగురు ఆరు హోసులతో నిలబడ్డారు, చివరి హైడ్రెంట్ మీద గేజి బిగించాం. వాల్వులు తెరవగానే లైనులో ఒత్తిడి పడింది, దూరంగా డీజిల్ ఇంజను గర్జించింది, హోసులు బిగుసుకుని నేల మీద నుంచి లేచాయి. మొదటి వాల్వు తిప్పినప్పటి నుంచి ఆరు నాజిళ్లలోనూ నిండు ధార వచ్చేసరికి ఇరవై రెండు సెకన్లు.

గేజి 4.1 కిలోల దగ్గర నిలిచింది. అంటే గొట్టం లోపలి గుణకం 120 కాదు, 100కు దగ్గరలోనే ఉంది. 7 కిలోల పంపు కొని ఉంటే ఇక్కడ రెండు కిలోల చిల్లర చూస్తూ ఉండేవాళ్లం. పది నిమిషాలు నడిపి ఆపాం.

ఇక మిగిలిన పనులు: పొట్టి వైపు గొట్టాన్ని వచ్చే వేసవి షట్‌డౌనులో మార్చడం, గోడౌనుకు స్ప్రింక్లర్లు వేయడానికి విడిగా అంచనా తయారు చేయడం. ప్రతి సోమవారం ఉదయం షిఫ్టు మారే వేళ డీజిల్ ఇంజను అరగంట, ఎలక్ట్రిక్ పంపు పది నిమిషాలు నడిపి, సక్షన్, డెలివరీ ఒత్తిళ్లు, బ్యాటరీ వోల్టేజి, డీజిల్ మట్టం, ట్యాంకు మట్టం లాగ్‌బుక్కులో రాయాలని ఉత్తర్వు వేశాం. మొదటి పేజీ మా పంపు ఆపరేటరే రాశారు. ప్రైమింగ్ గరాటు, బకెట్టు ఆయన స్టోర్సులో జమ చేసి రసీదు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.